ఐదిళ్ళ భిక్ష

దత్తాత్రేయుడికి ఇల్లు లేదు. తెల్లవారుజామున కాశీలో స్నానం, మధ్యాహ్నం కొల్హాపురంలో భిక్ష, రాత్రికి మాహూరు కొండ మీద నిద్ర అని మరాఠీ దేశంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రోజూ ఇంత దూరం తిరిగేవాడికి గుడి కట్టి, లోపల నిలబెట్టి తలుపు వేస్తే ఉంటాడా? అందుకే కాబోలు, దత్తక్షేత్రాల్లో చాలాచోట్ల పాదుకలకే పూజ. వెళ్ళిపోయినవాడు వదిలి వెళ్ళిన గుర్తులకు మొక్కి వస్తాం.

ఇంకో సంగతి. తక్కిన దేవుళ్ళ దగ్గరికి మనం వెళ్ళి అడుగుతాం. ఈయన మన గడప దగ్గరికి వచ్చి అడుగుతాడు. అత్రి మహర్షి ఆశ్రమానికి త్రిమూర్తులు వచ్చింది భిక్షకే. అనసూయ పెట్టిన ఆ భిక్షతోనే దత్తుడి పుట్టుక కథ నడుస్తుంది. మన పిఠాపురంలోనూ అంతే. అప్పలరాజు, సుమతి దంపతుల ఇంట ఆబ్దికం జరుగుతోంది. భోక్తలు ఇంకా విస్తళ్ళ ముందు కూర్చోలేదు. ఆ వేళప్పుడు గుమ్మంలో ఒక అవధూత నిలబడి భిక్ష అడిగాడు. భోక్తలు తినకుండా బయటివాళ్ళకు పెట్టకూడదన్న ఆచారం సుమతికి తెలియనిది కాదు. అయినా పెట్టింది. ఆమె చేతి అన్నం తిన్న దత్తుడే ఆమె కడుపున శ్రీపాద శ్రీవల్లభుడై పుట్టాడని గురుచరిత్ర చెబుతుంది. ఇది పద్నాలుగో శతాబ్దం నాటి మాట అని సంప్రదాయం లెక్క.

బిచ్చమెత్తే ఈ దేవుడే యోగానికి ఆచార్యుడు. కార్తవీర్యార్జునుడు, అలర్కుడు, పరశురాముడు అందరూ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. కానీ మన ఊళ్ళలో ఈ రెంటినీ కలిపి చూసేవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు. మార్గశిర పౌర్ణమికి దత్తజయంతి చేసి, సప్తాహం పెట్టుకుని గురుచరిత్ర చదివేవాళ్ళు ఒక పక్క. పొద్దున్నే చాప పరుచుకుని ప్రాణాయామం చేసేవాళ్ళు ఇంకో పక్క. వీళ్ళకు వాళ్ళ ఊసు లేదు, వాళ్ళకు వీళ్ళ ఊసు లేదు. భిక్షకూ యోగానికీ ఉన్న ముడి ఎక్కడైనా కంటికి కనబడుతుందా అని కృష్ణ ఒడ్డున కురువపురం నుంచి బయల్దేరి, ఏటికి ఎదురుగా భీమ ఒడ్డున ఉన్న గాణగాపురం దాకా వెళ్ళాను.

హైదరాబాదు నుంచి రాయచూరు రోడ్డు పట్టుకుని మహబూబ్‌నగర్, దేవరకద్ర దాటితే మక్తల్. అక్కడి నుంచి లోపలికి తిరిగితే కృష్ణ ఒడ్డున పంచదేవ్ పహాడ్. ఇటు గట్టు తెలంగాణ, నారాయణపేట జిల్లా. నది నడుమ ఉన్న లంక కర్ణాటకలో రాయచూరు వైపుకు చెందుతుంది. అదే కురువపురం. ఈ పక్క జనం కురుంగడ్డ అంటారు. శ్రీపాద శ్రీవల్లభులు పిఠాపురం వదిలి కాశీ, బదరి, గోకర్ణం తిరిగి చివరకు ఇక్కడికి చేరారు. ఇక్కడే కృష్ణలో అంతర్ధానమయ్యారు.

నేను వెళ్ళింది వానలు పూర్తిగా వెనకబట్టాక. కందిచేలు కోతకొచ్చి ఉన్నాయి. రేవులో పుట్టి ఎక్కాను. వెదురు అల్లికకు కింద తారు పూసిన పాత రకం పుట్టి. నడిపేవాడు నడివయసు మనిషి. "సారూ, నడుమ కూసోండ్రి. అందరు ఒక్కదిక్కే కూసుంటే ఒరుగుతది," అన్నాడు. ఒకటే తెడ్డు. దాన్ని అటొకసారి ఇటొకసారి వేస్తుంటే పుట్టి మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ముందుకు పోతుంది. ఎదురుగా లంక మీది చెట్లు ఒకసారి కనిపించి, మళ్ళీ మనం వదిలిన గట్టు కనిపించి, మళ్ళీ చెట్లు కనిపిస్తాయి.

వానాకాలంలో ఎలా అని అడిగాను. "కిష్టమ్మ ఒక్కతే అయితే తెలుస్తది సారూ. భీమ కలిసిందంటేనే పరేషాను. ఈడ చినుకు పడకున్నా నీళ్ళు లేస్తయ్. ఉజ్జని గేట్లు ఎత్తిన్రంటే మాకు పని బంద్," అన్నాడు.

ఉజ్జని ఎక్కడ, కురుంగడ్డ ఎక్కడ! ఉజ్జని ఆనకట్ట మహారాష్ట్రలో సోలాపూరు జిల్లాలో భీమ మీద ఉంది. భీమాశంకరం దగ్గర పుట్టిన నది పండరిపురం విఠోబా పాదాలు తాకి, గాణగాపురం మీదుగా వచ్చి, రాయచూరుకు ఎగువన కృష్ణలో కలుస్తుంది. పుట్టుక నుంచి కలయిక దాకా 861 కిలోమీటర్ల నడక. ఆ కలయికకు దిగువనే కురువపురం. ఇంకా దిగువకు పోతే జూరాల, ఆపైన శ్రీశైలం. గురుచరిత్రలో ముఖ్యమైన ఊళ్ళు కొన్ని ఒకే నీటి మీద ఉన్నాయన్నమాట. ఎన్నిసార్లు పారాయణ చేసినా తట్టని సంగతి, పుట్టివాడు గేట్ల మాట ఎత్తితే తట్టింది.

లంక మీద గుడి చిన్నది. పెద్ద మర్రిచెట్టు ఉంది. వాసుదేవానంద సరస్వతి తపస్సు చేసిన గుహ ఉంది. మరాఠీవాళ్ళు టెంబే స్వామి అని పిలుచుకునే ఆ సన్యాసి 1854లో పుట్టి 1914లో నర్మద ఒడ్డున గరుడేశ్వరంలో దేహం చాలించాడు. దేశమంతా కాలినడకన తిరిగాడు. పిఠాపురాన్ని దత్తభక్తుల నోట మళ్ళీ నానేటట్టు చేసినవాళ్ళలో ఆయనే ముందు. లోపలికి వంగి వెళ్ళాల్సిన ఆ గుహలో కాసేపు కూర్చుంటే బయట నీటి చప్పుడు తప్ప ఏదీ వినపడదు.

కురువపురం కథల్లో రెండు నన్ను వదలవు. ఒకటి అంబిక కథ. చదువు అబ్బని కొడుకుని వెంటబెట్టుకుని, ఊళ్ళో మాటలు పడలేక, కృష్ణలో పడి చనిపోదామని వచ్చింది ఆ తల్లి. శ్రీపాదుల వారు ఆపారు. శనిప్రదోష పూజ చెప్పారు. వచ్చే జన్మలో తన వంటి కొడుకు పుడతాడని మాట ఇచ్చారు. తనవంటి వాడు తాను తప్ప ఇంకొకడు లేడు గనక తానే పుట్టాల్సి వచ్చింది. ఆ తల్లి విదర్భలో కారంజా ఊళ్ళో అంబగా పుట్టింది. ఆమె కొడుకే నృసింహ సరస్వతి. దేవుడు ఇచ్చిన మాటకు కట్టుబడి మళ్ళీ జన్మ ఎత్తడం మనకు కొత్త కాదు. నదిలో పడబోయిన ఒక దిక్కులేని తల్లికి ఇచ్చిన మాట కోసం ఎత్తడం మాత్రం నా మనసును పట్టుకుంది.

రెండోది చాకలి కథ. రోజూ రేవులో బట్టలుతుకుతూ శ్రీపాదులకు దండం పెట్టే రజకుడు ఒకనాడు నదిలో పడవల మీద పరివారంతో విహరిస్తున్న తురక రాజును చూశాడు. చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది. గురువు అది గమనించి, ఆ కోరిక వచ్చే జన్మలో తీరుతుందని చెప్పారు. ఆ రజకుడు బీదరులో రాజుగా పుట్టాడు. తొడ మీద లేచిన పుండు ఏ వైద్యానికీ మానక, విని విని గాణగాపురం వెతుక్కుంటూ వచ్చాడు. నృసింహ సరస్వతి అతన్ని చూడగానే రజకుడా అని పిలిచారు. అంతటితో పాత జన్మ గుర్తుకొచ్చింది. పదిహేనో శతాబ్దం మొదటి సగంలో బహమనీలు రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చారు. కథ జరిగే కాలమూ దాదాపు అదే. సుల్తానూ సన్యాసీ ఒకరినొకరు ఎరిగిన నేల ఇది. ఏకనాథుడి గురువు జనార్దన స్వామి దేవగిరి కోటలో సుల్తానుల కొలువు చేసినవాడు. ఏకనాథుడికి దత్తుడు మలంగు ఫకీరు వేషంలో దర్శనమిచ్చాడని మరాఠీవాళ్ళు చెప్పుకుంటారు. షిరిడీ సాయిని దత్తావతారమని మన తెలుగువాళ్ళు అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారో ఈ దారిన వస్తే అర్థమవుతుంది.

రాయచూరులో రైలెక్కితే కాసేపటికే కృష్ణ వంతెన, యాదగిరి దగ్గర భీమ వంతెన. వాడి జంక్షన్, సిమెంటు ఫ్యాక్టరీలు. తర్వాత షాబాదు, మన పాత ఇళ్ళలో చల్లగా కాళ్ళకు తగిలే బండల ఊరు. ఆ తర్వాత కలబురగి. దారి పొడుగునా కందిచేలే. సోలాపూరు వైపు ఇంకొంచెం వెళ్తే గాణగాపూర్ రోడ్డు స్టేషన్.

ఆ ప్రయాణంలో నా సంచిలో ఉన్నది మార్కండేయ పురాణం. దీన్ని తెలుగు చేసిన మారన తిక్కన శిష్యుడు. ప్రతాపరుద్రుడి దగ్గర పెద్ద పదవిలో ఉన్న నాగయ గన్నయకు అంకితమిచ్చాడు. అలర్కుడి కథ అందులోదే. మదాలస చిన్నకొడుకు అలర్కుడు రాజ్యభోగంలో మునిగి ఉంటే, అన్న సుబాహుడు కాశీరాజును వెంటబెట్టుకుని దండెత్తాడు. దిక్కు తోచని అలర్కుడు తల్లి ఇచ్చిన ఉంగరం విప్పి, అందులో దాచిన మాట చదివి, దత్తాత్రేయుడి దగ్గరికి పరిగెత్తాడు. నా దుఃఖం పోగొట్టమన్నాడు. ఆ దుఃఖం ఎవరిదో, ఎక్కడుందో ముందు వెతికి చూడమన్నాడు గురువు. వెతికితే దొరకలేదు. అప్పుడు మొదలవుతుంది యోగం.

ప్రాణాయామం లెక్క అక్కడ స్పష్టంగా ఉంది. 12 మాత్రలది లఘువు, 24 మాత్రలది మధ్యమం, 36 మాత్రలది ఉత్తమం. ఆకలి మీదా అలసట మీదా మనసు బాగాలేనప్పుడూ యోగానికి కూర్చోవద్దని ఉంది. అవన్నీ చెప్పాక యోగి ఎలా బతకాలో చెబుతాడు. నన్ను కట్టిపడేసిన భాగం అదే. ఇళ్ళలో పొయ్యి పొగ ఆగిపోయాక, నిప్పులు చల్లారాక, ఇంటిల్లిపాదీ తిన్నాక భిక్షకు వెళ్ళాలి. ఎప్పుడూ ఆ రెండు మూడు ఇళ్ళకే వెళ్ళకూడదు. పొగడ్త యోగికి విషం, అవమానం అమృతం. ఇవి శ్వాస లెక్కల పక్కనే ఉన్నాయి. ఊపిరి ఎంతసేపు బిగబట్టాలో చెప్పిన నోటితోనే, ఒకరి గుమ్మంలో ఎప్పుడు నిలబడాలో చెప్పాడు ఆ గురువు. రెండూ ఒకే అభ్యాసంలో భాగాలు. ఒకటి శరీరానికి పట్టిన బిగువును సడలిస్తుంది, రెండోది నేను అన్న బిగువును.

దత్తాత్రేయుడి పేరు మీదే ఇంకో చిన్న గ్రంథం ఉంది, దత్తాత్రేయ యోగశాస్త్రం. పదమూడో శతాబ్దం ప్రాంతానిదని పండితుల అంచనా. హఠయోగాన్ని ఆ పేరుతోనే నేర్పిన తొలి గ్రంథాల్లో అదొకటి. యోగం వెతుక్కుంటూ తిరిగిన సాంకృతి మహామునికి దత్తుడు చెప్పినట్టుగా నడుస్తుంది. బ్రాహ్మణుడైనా శ్రమణుడైనా, బౌద్ధుడైనా జైనుడైనా, కాపాలికుడైనా, చివరకు చార్వాకుడైనా సరే, సాధన చేసినవాడికే సిద్ధి అంటుంది. గొంతులో మంత్రం, ఒంటి మీద కాషాయం ఉన్నంత మాత్రాన యోగం రాదని, యోగి వేషం వేసుకుని కడుపు నింపుకునేవాళ్ళు జనాన్ని మోసం చేస్తున్నారని గట్టిగానే చెబుతుంది. ఇప్పుడు యోగా పేరుతో జరుగుతున్న వ్యాపారమంతా చూస్తుంటే, ఆ పుస్తకాన్ని తెలుగులో ప్రతి ఇంట్లో చదవాలనిపిస్తుంది.

గాణగాపురం అఫ్జల్‌పూర్ తాలూకాలో ఉన్న చిన్న ఊరు. సన్నని సందులు, పాత రాతి గోడలు, వాటి మధ్యే కొత్తగా లేచిన లాడ్జీలు. కొబ్బరికాయల దుకాణాల్లో కన్నడం, మరాఠీ, తెలుగు కలిసిపోయి వినిపిస్తాయి. ఏ భాషలో అడిగినా జవాబు వస్తుంది. నృసింహ సరస్వతి స్వాములు కృష్ణా తీరంలోని నరసోబావాడిలో 12 ఏళ్ళు ఉండి ఇక్కడికి వచ్చారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నారు. వచ్చిన కొత్తలో సంగమం దగ్గర అడవిలో ఉండి, మధ్యాహ్నం ఊళ్ళోకి భిక్షకు వచ్చేవారట. ఊళ్ళో అందరికంటే పేద ఇంటికి వెళ్ళారు. ఆ ఇంట్లో ఉన్నదల్లా పళ్ళు రాలిన గొడ్డు గేదె. దాని పాలే కావాలన్నారు. ఇల్లాలు నమ్మలేకనే పిండింది. గేదె పాలిచ్చింది. ఆ గేదెను బాడుగకు తోలుకుపోదామని వచ్చినవాళ్ళ నోటివెంట సంగతి ఊరంతా పాకి, అధికారి స్వయంగా వచ్చి స్వామిని పల్లకీలో ఊళ్ళోకి తెచ్చాడు. ఇక్కడ కూడా కథ ఒక ఇంటి ముందు భిక్ష అడగడంతోనే మొదలైంది.

మఠంలో ఉన్నవి నిర్గుణ పాదుకలు. చిన్న కిటికీలోంచి తొంగి చూడాలి. వెనక వరసలో జనం తోస్తుంటారు కాబట్టి రెండు క్షణాలే దర్శనం. లోపల దీపం వెలుతురు, గంధం, పూలు. కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేలోపు పక్కకు జరగాలి. నాకు అది చాలలేదని అనిపించలేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో అసలు దర్శనం అక్కడ కాదు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా వీధులు మారిపోతాయి. మఠం చుట్టూ ఉన్న ఇళ్ళ అరుగుల మీదికి గిన్నెలు వస్తాయి. లాడ్జీ గదుల్లో వండుకున్నవాళ్ళు గంపలతో, స్టీలు డబ్బాలతో బయటికి వస్తారు. ఎదురుగా జోలెలు పట్టుకున్న జనం. దత్తుడు రోజూ మధ్యాహ్నం ఈ ఊళ్ళో భిక్షకు తిరుగుతాడని నమ్మకం. ఏ వేషంలో వస్తాడో తెలియదు. అందుకని ఊరికి వచ్చినవాళ్ళు భిక్ష పెడతారు, పెట్టినవాళ్ళే మళ్ళీ జోలె పట్టుకుని అడుగుతారు కూడా. కనీసం ఐదిళ్ళు అడగాలని నియమం. ఇక్కడ దీన్ని మాధుకరి అంటారు. మనవైపు మధూకరం. ఒకప్పుడు మన ఊళ్ళలో వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని చదువుకున్న పిల్లలు ఎందరో. ఆ తరంతో పాటు ఆ మాట కూడా వెళ్ళిపోతోంది.

నేను కొత్త తెల్ల తువ్వాలు రెండు కొసలు ముడివేసి జోలె కట్టుకున్నాను. మొదటి గడప ముందు నిలబడ్డప్పుడు నోరు పెగల్లేదు. ఉపనయనం నాడు అందరి నవ్వుల మధ్య భవతి భిక్షాందేహి అన్న మనిషికి, పెద్దయ్యాక ముక్కూ మొహం తెలియని ఇంటి ముందు అదే మాట అనడం ఇంత కష్టంగా ఉంటుందని తెలియదు. అరుగు మీద ఉన్న పెద్దావిడది గుంటూరు వైపు. లాడ్జీలో పులిహోర కలుపుకుని వచ్చి పంచుతోంది.

"జోలె పట్టు నాయనా. సిగ్గెందుకు? ఇక్కడికొచ్చిన కలెక్టరైనా అడుక్కోవాల్సిందే," అంది.

పట్టాను. గరిటెడు పులిహోర జోలెలో పడింది. తువ్వాలు వెచ్చగా అరచేతికి ఆనింది. ఆమె నా కళ్ళలోకి చూసి, జోలెకు చేయి తాకించి ఆ చేతిని కళ్ళకద్దుకుంది. ఆమె దండం నాకు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఒక మనిషి నన్ను దేవుడేమో అన్నట్టు చూడడం ఎలా ఉంటుందో నాకు ఆ క్షణందాకా తెలియదు. ఒళ్ళు జలదరించింది.

"ఎవరి రూపంలో వస్తాడో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాను.

"తెలిస్తే ఆయనొక్కడికే పెడతాం గదా నాయనా, ఇంతమందికి పెడతామా?" అని తరవాతి జోలె వైపు తిరిగింది.

రెండో ఇంట్లో జొన్నరొట్టె, దాని మీద శేంగా చట్నీ పొడి. మూడో గడప దగ్గర ఒక కుర్రజంట కిచిడీ పెట్టారు. నాలుగో చోట హోళిగ ముక్క. ఐదో ఇంట్లో తెల్ల అన్నం, పప్పు. ఈ జిల్లా కందిపప్పు రుచి ఇంత అని చెప్పలేను. అన్నీ జోలెలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తీపికీ పులుపుకీ తేడా లేదు. నా పక్కన చెట్టు కింద కూర్చుని తింటున్న ఆయన మంచి చొక్కా, చేతికి ఖరీదైన గడియారంతో ఉన్నాడు. ఆయన పక్కన ఇల్లూ వాకిలీ లేని ముసలాయన. ఇద్దరి ఒళ్ళోనూ ఒకటే రకం కలగలుపు అన్నం. తింటూ తింటూ చివరి ముద్దలు కుక్కలకు వేస్తున్నారు. దత్తుడి కాళ్ళ దగ్గర ఉండే నాలుగు కుక్కలూ నాలుగు వేదాలని మనవాళ్ళ మాట. ఆ ఊళ్ళో వీధికుక్కను ఛీ కొట్టినవాడు నాకు కనబడలేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదురాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. ఆ అవధూత దత్తాత్రేయుడే అని సంప్రదాయం. తెలుగులో ఆ స్కంధం పోతన శిష్యుడు వెలిగందల నారయది. నేల, నీరు, పావురం, కొండచిలువ, వేశ్య పింగళ, బాణాలు చెక్కేవాడు అందరూ గురువులే. వాళ్ళలో తేనెటీగ ఒకరు. పువ్వుకు నొప్పి కలగకుండా ఒక్కో చోట కొంచెం కొంచెం తీసుకోమని నేర్పింది. కూడబెట్టుకుంటే కూడబెట్టిన దానితోపాటే పోతావనీ అదే నేర్పింది. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ పాఠాన్ని ఒక ఊరు ఊరంతా రోజూ మధ్యాహ్నం చేసి చూపిస్తోంది. ఒక్క ఇంటికీ భారం కాదు. ఒక్క జోలే ఖాళీ కాదు. రేపటికి మిగిలేది లేదు. యోగం అభ్యాసంతోనే వస్తుందన్నది నిజమైతే, ఐదు గడపల ముందు చేయి చాచడం కూడా నిఖార్సైన అభ్యాసమే. ఆసనం కంటే అదే కష్టం అని నేను చెప్పగలను.

సాయంత్రం హారతి వేళ మఠంలో ఇంకో దృశ్యం ఉంటుంది. గాలి సోకిందని, దయ్యం పట్టిందని కుటుంబాలు తీసుకొచ్చిన మనుషులు గంటలు మోగుతుండగా అరుస్తారు, తలలు విదిలిస్తారు, స్తంభాలు పట్టుకుని పైకి ఎగబాకుతారు. ఆ కుటుంబాల మొహాలు చూస్తే గుండె బరువెక్కుతుంది. ఎక్కడెక్కడో తిరిగి, ఆఖరి ఆశగా ఇక్కడికి చేరినవాళ్ళు. వాళ్ళ నమ్మకాన్ని నేను తీసిపారెయ్యను. మానసిక వైద్యుడికి చూపించడం ఈ నమ్మకానికి అడ్డు కాదని మాత్రం వాళ్ళకు ఎవరైనా మెల్లగా చెప్పాలి. నన్ను బాధపెట్టింది ఆ అరుపులు కాదు. చుట్టూ నిలబడి ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నవాళ్ళు. ఇంకొకరి ఇంటి ఆడపిల్ల ఒంటి మీద తెలివి లేకుండా ఉంటే చిత్రీకరించి పంపుకోవడం ఏ భక్తి?

సంగమం ఊరికి మూడు కిలోమీటర్ల దూరం. భీమలో అమరజ కలిసే చోటు. మేడిచెట్టు చుట్టూ అరుగు మీద పారాయణ చేసేవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. నరహరి అనే కుష్ఠురోగికి స్వామి ఎండిన మేడికట్టె ఇచ్చి నాటి నీళ్ళు పోయమంటే, ఊరంతా నవ్వినా అతను మానకుండా పోశాడు, కట్టె చిగిర్చింది, ఒళ్ళు బాగుపడింది అని కథ. గురుచరిత్రను పుస్తకం చేసిన సరస్వతి గంగాధరుడు రాసింది మరాఠీ ఓవీల్లో. మన ఇళ్ళలోకి తెచ్చింది ఎక్కిరాల భరద్వాజ గారి తెలుగు పుస్తకం. ఆ మేడిచెట్టు కింద మరాఠీ పుస్తకాల పక్కనే భరద్వాజ గారి పుస్తకాలూ కనిపించాయి. చదువుతున్నవాళ్ళలో తెలుగు ఆడవాళ్ళే ఎక్కువ. పక్కనే భస్మపు గుట్ట. ఒకప్పుడు యజ్ఞాలు జరిగిన చోటని చెబుతారు. జనం గోళ్ళతో గీకి ఆ బూడిదమన్ను కాగితంలో పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు.

నీళ్ళలోకి దిగబోతే కాలికి పాత చీర చుట్టుకుంది. స్నానం చేసి కట్టుబట్టలు నదిలో వదిలితే దోషం పోతుందని ఎవరు చెప్పారో గానీ, రేవంతా బట్టలే. ఏ పుస్తకంలోనూ నృసింహ సరస్వతి స్వాములు అలా చెప్పినట్టు నేను చదవలేదు. ఈ నీళ్ళే కింద కృష్ణలో కలిసి కురుంగడ్డ రేవుకు, అక్కడి పుట్టివాళ్ళ కుండలకు వెళ్తాయి. దయచేసి వదలకండి. ఆ చీర ఉతికి, రేవు గట్టు మీద చలికి వణుకుతూ కూర్చున్న వాళ్ళకు ఇస్తే దోషం ఇంకా బాగా పోతుంది.

స్వాములు గాణగాపురం విడిచి వెళ్ళింది మన శ్రీశైలానికే. శిష్యులు పూలతో ఆసనం కట్టి కృష్ణలో వదిలితే దాని మీద కూర్చుని కదళీవనం వైపు వెళ్ళిపోయారని, గుర్తుగా ప్రసాదపుష్పాలు నీళ్ళ మీద తేలి వచ్చాయని గురుచరిత్ర చివర ఉంది. తాను ఈ ఊళ్ళోనే ఉంటానని, మధ్యాహ్నం భిక్షకు వస్తానని వెళ్ళేముందు మాట ఇచ్చారు. ఆ మాట మీదే ఆరు వందల ఏళ్ళకు దగ్గరగా ఒక ఊరు రోజూ వంట చేసి గుమ్మంలో నిలబడుతోంది.

మన దగ్గర నుంచి గాణగాపురం వెళ్ళే బస్సు యాత్రల్లో చాలావాటి పద్ధతి ఒకటే. తెల్లవారుజామున సంగమ స్నానం, పొద్దున పాదుకల దర్శనం, పదకొండుకల్లా బస్సెక్కి పండరిపురం. ఇలా వెళ్ళినవాళ్ళు గాణగాపురం చూడలేదనే నా అభిప్రాయం. మీరు వెళ్తే మధ్యాహ్నం దాకా ఉండండి. వీలైతే ముందు రోజే చేరుకుని, గదిలో ఏదో ఒకటి వండి నలుగురికి పెట్టండి. తర్వాత గిన్నె పక్కన పెట్టి, జోలె కట్టుకుని ఐదిళ్ళు అడగండి. పిల్లలుంటే వాళ్ళ చేతా అడిగించండి. గాణగాపూర్ రోడ్డు స్టేషన్ నుంచి ఊరు 20 కిలోమీటర్లకు కొంచెం పైన. బస్సులూ ఆటోలూ ఉంటాయి. ఒక తువ్వాలు పట్టుకెళ్తే చాలు.